పేక కట్టని తగలబెడితే సరిపోతుందా?

మొన్న భోగి తెల్లవారుజామున తెనాలిలో మా పుట్టింటి ముందు వేసిన మంటలో పాత చాపలు, విరిగిన కుర్చీ కాళ్ళు, పిడకల దండలతో పాటు ఇంకొకటి కూడా పడింది. రెండు పేక కట్టలు. ముందురోజు రాత్రి మా అమ్మాయి, మా అబ్బాయి, తమ్ముడి పిల్లలు నా దగ్గర రమ్మీ నేర్చుకున్న కట్టలవి. మా అక్క వాటిని కొంగులో పెట్టుకొచ్చి, ఎవరితోనూ ఒక్క మాట అనకుండా మంటలో వేసేసింది. నల్లటి పొగ లేచింది. పిల్లలు బిక్కమొహాలు వేసుకుని నా వంక చూశారు.

నేనేమీ అనలేదు. ఆ క్షణంలో అక్కని ఒక మాట అనే హక్కు నాకు లేదు. ఎందుకో కాసేపట్లో చెప్తాను.

అదే రోజు సాయంత్రం మేడ మీద చాప పరుచుకుని మా బాబాయిలు ఇద్దరు, బావగారు, పక్కింటాయన, పాయింటుకి రూపాయి చొప్పున రాత్రి రెండింటిదాకా రమ్మీ ఆడారు. వాళ్ళకి మూడుసార్లు టీ, ఒకసారి పకోడీలు మెట్లెక్కి మోసింది ఎవరనుకున్నారు? మా అక్కే. ఆ కట్టలు మాత్రం మంటలో పడలేదు.

ఇంటికొచ్చి పది రోజులైనా నాకు ఇది మింగుడు పడలేదు. అందుకే రాస్తున్నాను. అక్క చదివినా ఫరవాలేదు. చదవాలనే రాస్తున్నాను.

అక్క కోపానికి కారణం వాళ్ళబ్బాయి. బెంగుళూరులో మొదటి ఉద్యోగం. ఒంటరి గది, చేతిలో ఫోను, నెల జీతం. మూడేళ్ళ కిందట ఫోన్లో రమ్మీ మొదలుపెట్టాడు. ఏడాది తిరిగేసరికి జీతం, దాచుకున్నది, స్నేహితుల దగ్గర తెచ్చింది, అప్పులిచ్చే యాప్‌లలో తీసుకున్నది అన్నీ కలిపి మూడు లక్షల నలభై వేలు పోయాయి. అప్పులవాళ్ళు వాడి ఫోన్లో ఉన్న నంబర్లన్నిటికీ మెసేజ్‌లు పెట్టడం మొదలుపెట్టాక మాకు తెలిసింది. అక్క తన గాజులు, అమ్మ ఇచ్చిన నానుతాడు అమ్మి తీర్చింది. ఆ నానుతాడు అమ్మిన రోజు దుకాణానికి అక్క వెంట వెళ్ళింది నేనే. తూకం వేస్తున్నప్పుడు అక్క గోడ వైపు తిరిగి నిలబడింది. కాబట్టి పేక ముక్క కనిపిస్తే అక్కకి ఒళ్ళు మండటం నాకు అర్థం కాక కాదు.

కానీ అక్క తీర్పు తప్పు. వాడిని ముంచింది ఆ అట్టముక్కలు కావు. నిజం చెప్పాలంటే వాడి చేతికి అట్టముక్క ఎప్పుడూ రానేలేదు. బావగారు మేడ మీద ఎన్నేళ్ళు ఆడినా కొడుకుని దగ్గర కూర్చోబెట్టుకోలేదు. "చదువుకోపోరా, ఇవి నీకెందుకు" అని తరిమేవారు. వాడికి రమ్మీ నేర్పింది ఆ యాప్. ఉత్తుత్తి చిప్స్ ఇచ్చి, ఏ ముక్క పక్కన ఏది పెట్టాలో వేలు పట్టుకుని చూపించి, నాలుగు ఆటలు గెలిపించి, "ఇప్పుడు నిజం డబ్బుతో ఆడు, కొంత బోనస్ మేమే ఇస్తాం" అంది. ఏ విద్యకైనా మొదట నేర్పినవాడు విద్యతో పాటు తన బుద్ధి కూడా నేర్పుతాడు. వాడి గురువు దుకాణదారు. దుకాణదారు ఏం నేర్పాలో అదే నేర్పాడు.

నాకు రమ్మీ నేర్పింది మా నాయనమ్మ. నా తొమ్మిదో ఏట, వేసవి సెలవుల్లో, మధ్యాహ్నం అన్నాలయ్యాక, వసారాలో. డబ్బు లేదు. మనిషికి ఎనభై చింతపిక్కలు. ఎవరికి ఎన్ని పాయింట్లు పడితే అన్ని పిక్కలు షో చేసినవాళ్ళకి ఇచ్చుకోవాలి. పిక్కలు అయిపోయినవాళ్ళు లేచి అందరికీ మజ్జిగ కలపాలి. నాయనమ్మ ఎన్నడూ బడికి వెళ్ళలేదు, కానీ పదమూడు ముక్కల లెక్క వేలు ముడవకుండా చెప్పేది.

ఆవిడ చెప్పిన క్రమంలోనే నేను మా పిల్లలకి చెప్పాను. ముగ్గురు, ఆ పైన ఆడితే రెండు కట్టలు కలపాలి. మనిషికి పదమూడు ముక్కలు. మిగిలిన పేకలోంచి ఒకటి తీసి జోకరుగా పెడతాం. అది ఏడైతే నాలుగు రంగుల ఏడులూ జోకర్లే. ఒక ముక్క తెరిచి పక్కన పెడతాం. వంతు వచ్చినప్పుడు తెరిచినదైనా, మూసిన పేకలోంచైనా ఒకటి తీసుకుని, అక్కర్లేనిది ఒకటి కొట్టాలి. చేతిలో ఉన్న పదమూడూ వరుసలుగా, ట్రిపుల్స్‌గా కుదిరితే షో. వరుసలు కనీసం రెండు ఉండాలి. అందులో ఒకటి జోకరు సాయం లేకుండా, ఒకే రంగులో కట్టిన వరుస కావాలి. దాన్నే మనవాళ్ళు లైఫ్ అంటారు. పేరు పెట్టినవాడెవడో గానీ ఎంత బాగా పెట్టాడు!

"మొదట లైఫ్ చూసుకోండే. అది లేకుండా రాజులు ముగ్గురున్నా రాణులు ముగ్గురున్నా నీకు ఒరిగేదేమీ లేదు" అనేది నాయనమ్మ. ఇది పిల్లలకి మాటలతో ఎక్కదు, లెక్క వేసి చూపించాలి. మా అమ్మాయికి ఇలా పేర్చి చూపించాను. ఇస్పేటు నాలుగు, ఐదు, ఆరు. ఆఠీను తొమ్మిది, పది, పక్కన ఒక జోకరు. మూడు రంగుల రాజులు ముగ్గురు. మిగిలినవి డైమను రెండు, మూడు, కళావరు జాకీ, రాణి. ఈలోగా ఎవరో షో చేశారనుకో, నీకు పడేది ఆ చివరి నాలుగు ముక్కల లెక్కే. రెండు, మూడు, పది, పది, మొత్తం ఇరవై ఐదు. ఇప్పుడు ఆ ఇస్పేటు ఐదు నీకు రాలేదనుకో. దాని స్థానంలో ఇంకో జోకరు పెట్టి వరుస కట్టావనుకో. చూడ్డానికి చెయ్యి అలాగే ఉంది, ముచ్చటగానే ఉంది. కానీ లైఫ్ లేదు. కాబట్టి ముక్కలన్నీ లెక్కకొస్తాయి. జోకర్లకి సున్నా పోగా ఎనభై నాలుగు. ఎనభై దాటి వేయరు కాబట్టి ఎనభై, ఫుల్ కౌంట్. ఒక్క ముక్క తేడాకి ఇరవై ఐదు ఎక్కడ, ఎనభై ఎక్కడ! మా అమ్మాయి రెండుసార్లు కూడి చూసుకుని "అమ్మా, ఇది అన్యాయం" అంది. అన్యాయమే. పదమూడేళ్ళకి చింతపిక్కల మీద తెలిస్తే నష్టమేమిటి?

ఇక డ్రాప్. నాయనమ్మ అన్నిటికంటే ఎక్కువసేపు నేర్పింది ఇదే. పంచగానే ముక్కలు చూసుకుని, పనికిరావనుకుంటే ముక్క ముట్టకుండా దిగిపోతే ఇరవై. ఒకసారి ముట్టాక దిగితే నలభై. దిగకుండా కూర్చుని పోతే ఎనభై దాకా. అంటే నాలుగుసార్లు బుద్ధిగా దిగిపోయినా ఒక్కసారి మొండిగా కూర్చున్నంతే ఖర్చు. చిన్నప్పుడు నాకు దిగడమంటే నామోషీగా ఉండేది. జోకరు ఒకటి కనబడితే చాలు, ఇంకొకటి రాకపోతుందా అని కూర్చునేదాన్ని. నాయనమ్మ ఏమీ అనేది కాదు. పిక్కలన్నీ లాక్కుని "వెళ్ళి మజ్జిగ కలుపు" అనేది. ఆ వేసవిలో నేను కలిపిన మజ్జిగకి లెక్కలేదు. సెలవులు అయిపోయేసరికి మాత్రం ఏ చెయ్యి పట్టుకోవాలో, ఏది వదలాలో చూడగానే తెలిసేది.

ఇప్పుడు ఆ యాప్ సంగతి చూడండి. మా వాడి ఫోను తీసుకుని ఒక రోజంతా చూశాను, కాబట్టి ఊహించి చెప్పడం లేదు. డ్రాప్ అక్కడా ఉంది, బటన్ రూపంలో. కానీ దిగిన మరుక్షణం ఇంకో ఆట పంచేస్తుంది. కలిపే పని లేదు, పంచే పని లేదు, ముక్కలు సర్దుకునే పని కూడా లేదు, అదే సర్దిపెడుతుంది. మా వసారాలో ఒక మధ్యాహ్నానికి పది పన్నెండు ఆటలు అయ్యేవి. కలపాలి, కొయ్యాలి, పంచాలి, లెక్క రాయాలి, మధ్యలో పిల్లి వస్తే తోలాలి. ఆ ఆలస్యంలోనే మనిషికి చల్లారే టైము దొరుకుతుంది. ఫోన్లో మా వాడు ఒక్కో రాత్రి ఎన్ని ఆడాడో లెక్కపెట్టబోయి మధ్యలో మానేశాను. పైగా ఎదుటివాడి మొహం కనిపించదు. నా పిక్కలన్నీ పోతే నా కళ్ళల్లో నీళ్ళు తిరగడం నాయనమ్మ చూసేది. చూసి ఒక్కోసారి ఆట ఆపేసేది. ఫోను ఎవరి కళ్ళూ చూడదు.

ఇంకొకటి, మా వాడే చెప్పాడు. "పిన్నీ, నేను బాగా ఆడతాను. నిజంగా బాగా ఆడతాను" అన్నాడు. నమ్మాను. మొదటి రెండు నెలలూ వాడు గెలిచిన మాట నిజం. చిన్న మొత్తాల ఆటల్లో గెలిచాడు కాబట్టి పెద్ద మొత్తాల ఆటకి వెళ్ళాడు. అక్కడ వాడి కంటే బాగా ఆడేవాళ్ళు కూర్చుని ఉన్నారు.

నైపుణ్యం, నైపుణ్యం అని అరిచిన ప్రకటనలు గుర్తున్నాయి కదా? ఆ మాటకి మూలం మన దగ్గరే ఉంది. సికింద్రాబాదులో ఒక క్లబ్బు మీద పోలీసులు పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్తే, 1967లో తీర్పు వచ్చింది. రమ్మీ మూడు ముక్కలాట లాంటిది కాదు, పడ్డ ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది కొట్టాలో తెలియాలి, కాబట్టి ఇందులో ప్రధానమైనది నేర్పు అన్నారు. నిజమే, ఒప్పుకుంటాను. నాయనమ్మకి ఆ నేర్పు ఉండేది. కానీ అదే తీర్పులో, ఆడించేవాడు ఆట మీద లాభం చేసుకుంటే అది వేరే సంగతి అని కూడా ఉంది. ప్రకటనలు ఇచ్చినవాళ్ళు ఆ రెండో ముక్కని మెల్లిగా పక్కకి కొట్టేశారు.

అసలు నేర్పుతో గెలిచే ఆట అంటే ఏమిటి? నీకంటే నేర్పరి ఎదురుగా కూర్చుంటే నువ్వు పోగొట్టుకోవడం దాదాపు ఖాయం అని. అదృష్టం మీద నడిచే ఆటలో అయినా మొద్దుకీ ఒక అవకాశం ఉంటుంది! నేర్పు ఉన్నవాడు, లేనివాడు కూర్చుంటే డబ్బు ఎటు నడుస్తుందో చెప్పడానికి కోర్టు అక్కర్లేదు. ఎవరు గెలిచినా ప్రతి ఆట మీదా ఆడించేవాడి వాటా వాడికి ముడుతూనే ఉంటుంది. సినిమావాళ్ళు, క్రికెటర్లు టీవీలో నవ్వుతూ "నైపుణ్యం" అన్నప్పుడల్లా మా వాడికి వినబడింది "నువ్వు గెలుస్తావు" అని. తెలుగు చదువుకున్నదాన్ని కదా, ఒక మంచి మాటని ఇలా వాడటం చూస్తే నాకు ఇంకాస్త ఎక్కువ మంట.

సరే, చట్టాలు వచ్చాయి. డబ్బుతో ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లోనే నిషేధించింది, ఆంధ్రప్రదేశ్ 2020లో. 2025 ఆగస్టులో పార్లమెంటే చట్టం చేసింది, నేర్పు అయినా అదృష్టం అయినా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు దేశమంతటా కూడదని. ఆలస్యంగా అయినా మంచి పని. ఇంక భయం లేదు కదా, పిల్లలకి ఇప్పుడు నేర్పడం దేనికి అంటుంది అక్క. దుకాణం మూయించడం ప్రభుత్వం పని, చేసింది. రేపు ఆ దుకాణం ఇంకో పేరుతో, ఇంకో దేశం నుంచి, ఇంకో రకం ఆటతో వస్తే మా అమ్మాయి దాన్ని గుర్తుపట్టేలా చెయ్యడం నా పని. ఈ ఏడు పదో తరగతి అయిపోతే ఇంటర్‌కి హాస్టల్లో వేస్తాం. ఆ తర్వాత ఏ ఊరో, ఏ గదో. అక్కడ దాని పక్కన నేనుండను.

అక్కతో ఫోన్లో ఇదే వాదన.

"నేర్పితే చెడిపోరని రాసిస్తావా?" అంది.

రాసివ్వలేను అన్నాను. నిజంగానే రాసివ్వలేను. ఆట బాగా తెలిసీ ఇళ్ళు, పొలాలు పోగొట్టుకున్నవాళ్ళని తెనాలి చుట్టుపక్కల మేమిద్దరం చూసే పెరిగాం.

"మరైతే ఎందుకే ఈ పంతం?"

"నేర్పకపోతే చెడిపోడని నువ్వూ అనుకున్నావు కదా అక్కా" అన్నాను.

అనకూడని మాట. అక్క ఫోన్ పెట్టేసింది. తప్పు నాదే. కానీ ఆ మాట అబద్ధం మాత్రం కాదు.

డిగ్రీలో నలోపాఖ్యానం చదివినప్పుడు నేను పట్టించుకోని ఒక సంగతి ఈమధ్య పదే పదే గుర్తొస్తోంది. జూదంలో సర్వం పోగొట్టుకుని అడవిలో కూర్చున్న ధర్మరాజు దగ్గరికి బృహదశ్వుడనే ముని వస్తాడు. నాకంటే దురదృష్టవంతుడు ఉన్నాడా అని ధర్మరాజు వాపోతే నలుడి కథ చెప్తాడు. నలుడు కూడా పాచికల్లోనే రాజ్యం పోగొట్టుకుని, ఋతుపర్ణుడి దగ్గర అక్షహృదయం నేర్చుకున్నాకే పుష్కరుణ్ణి గెలిచాడు. కథ అయ్యాక ముని ఏం చేశాడు? ఇంకెప్పుడూ పాచిక ముట్టనని ఒట్టు వెయ్యి అనలేదు. ధర్మరాజుకి కూడా అక్షహృదయం ఉపదేశించి వెళ్ళాడు. ఆట మీద మోజు ఉండి ఆట మర్మం తెలియకపోవడమే ఆ మహారాజు జబ్బు అని ఆయనకి తెలుసు. మా ఇళ్ళల్లో మాత్రం ధర్మరాజు కథ చెప్పి, బృహదశ్వుణ్ణి వదిలేస్తారు.

ఆడవాళ్ళ సంగతి కూడా చెప్పాలి, లేకపోతే నాకు నిద్ర పట్టదు. మగవాళ్ళు ఆడితే కాలక్షేపం, ఆడది ముక్క పట్టుకుంటే ఇంటికి దరిద్రం. గురజాడ కన్యాశుల్కంలో మధురవాణి మగవాళ్ళతో సమానంగా పేకాటలో కూర్చుంటుంది, కానీ ఆవిడ వేశ్య కాబట్టి కూర్చోనిచ్చారు. సంసారి స్త్రీల వంతు టీ మోయడం, చివరికి నానుతాడు అమ్మడం. మా అక్కకి ఇప్పటికీ లైఫ్ అంటే ఏమిటో తెలియదు. కొడుకు ఫోన్లో ఏం చేస్తున్నాడో పక్కన కూర్చుని చూసినా తెలిసేది కాదు. సెలవులకి వచ్చినప్పుడు "ఏదో గేమ్ ఆడుకుంటున్నాడు" అనుకుందట. ఆ స్క్రీను మీద కొడుకు నష్టం అంకెల్లో కనిపిస్తూనే ఉంది, ఆవిడకి చదవడం రాలేదు. నాయనమ్మ అక్కని కూడా ఆటకి పిలిచేది. పెద్దపిల్లవు, నీకు వంట పనుంది అని అమ్మే పంపేది కాదు. కాబట్టి ఈ కోపంలో నేను అక్కని నిలదీయడం లేదు. నిలదీయాల్సింది మేడ మీద కూర్చున్నవాళ్ళని. కొడుకు పోగొట్టిన డబ్బు గురించి ఊరంతా చెప్పుకుని బాధపడి, భోగినాడు మళ్ళీ పాయింటుకి రూపాయి ఆడిన బావగారిని. "మాది సరదా" అంటారు ఆయన. అంత సరదా అయితే చింతపిక్కలతో ఆడండి బావగారూ, ఏరి పంపిస్తాను.

నా ఇంట్లో నా పద్ధతి ఇది. తెనాలి నుంచి రాగానే రెండు కట్టలు కొన్నాను. ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, హాల్లో చాప మీద. చింతపిక్కలు. పిక్కలు అయిపోయినవాళ్ళు మజ్జిగ, అది మావారైనా సరే. తప్పు షో చేస్తే ఎనభై, చిన్నపిల్లాడని మాఫీ లేదు. మా అబ్బాయి మొన్న ఇస్పేటు ఏడులు రెండు ఒకే ట్రిపుల్‌లో పెట్టి షో అన్నాడు. రెండు కట్టలు కలిపినప్పుడు ఒకే రంగువి అలా కలవవురా అని ఎనభై వేస్తే, అరగంట అలిగి, వెళ్ళి మజ్జిగ కలిపాడు. ఉప్పు వెయ్యలేదు, కావాలనే. నాలుగింటికి కట్ట లోపల పెట్టేస్తాను. ఇంకొక్క ఆట అని బతిమాలతారు. ఆ ఒక్కటి మాత్రం ఎప్పుడూ ఒప్పుకోను, నేను ఓడిపోతున్నా సరే. నిజానికి ఓడిపోతున్నప్పుడే నాకూ ఇంకొక్కటి ఆడాలనిపిస్తుంది, కాబట్టి ఆ నియమం నా కోసం కూడా.

గత ఆదివారం మా అమ్మాయి రెండు జోకర్లు ఉన్న చెయ్యి చూసుకుని, లైఫ్‌కి దగ్గరగా ఏమీ లేవని, ముక్క ముట్టకుండా దిగిపోయింది. రెండు జోకర్లతో నేనైతే దిగేదాన్ని కాదు. ఆ వయసులో అసలే దిగేదాన్ని కాదు.

మంగళవారం అక్క కొడుకు ఫోన్ చేశాడు. ఇప్పుడు విజయవాడలోనే పని చేస్తున్నాడు, జీతం అక్క చేతికే ఇస్తాడు. ఆట గురించి తమ్ముడి పిల్లలు చెప్పారట. "పిన్నీ, ఆదివారం నేనూ రానా?" అన్నాడు. వెంటనే ఏమీ చెప్పలేకపోయాను. అందరికీ నేర్పాలి అని ఇంత వాదించే నేను, వాడికి మాత్రం ముక్కలు పంచలేను. తాగుడు మానినవాడికి కల్లు రుచి చూడమని ఇవ్వం కదా. ఆ మాటే చెప్పాను, కాస్త తడబడుతూ. వాడు నొచ్చుకోలేదు. "ఆడనులే పిన్నీ. లెక్క నేను రాస్తాను" అన్నాడు.

రమ్మన్నాను. అక్కకి ఇంకా చెప్పలేదు.